ముక్కెత్తిన జీపు

హిందూపురంలో ఏసుదాసు వెల్డింగు అంగడి ముందు ఓబుళప్ప జీపు బంపరు ఊడదీయించుకుని, పళ్ళు రాలిన ముసలిదానిలా నోరు తెరుచుకుని నిలబడి ఉంది. అది తొంభై అయిదో సంవత్సరం వేసవి. జీపు సంగతి అలా ఉంటే, దాని యజమాని కాలుగాలిన పిల్లిలా అంగడిలోకీ బయటికీ తిరుగుతున్నాడు. తన పెళ్ళినాడు కూడా ఆయన అంత సంబరపడలేదని భార్య ఈశ్వరి తరువాతెప్పుడో అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వులో కొంచెం నిష్ఠూరం లేకపోలేదు.

ఓబుళప్పది పెనుకొండ. బోరుబావుల్లో మోటార్లు దించడం, చెడిపోతే పైకి తీయడం అతని వృత్తి. అంతవరకూ ఆ పని మనుషుల రెక్కల మీదే నడిచేది. బోరు మీద మూడు కాళ్ళ ఇనుప స్టాండు నిలబెట్టి, కప్పీలోంచి మోకు వేసి, పదిమంది కలిసి లాగేవాళ్ళు. మోటారొక్కటే అయితే ఎవరైనా ఎత్తుతారు. దాని నెత్తిన ఒకదాని మీద ఒకటి బిగించిన ఇనుప పైపులు, ఆ పైపుల నిండా నీళ్ళు, అదీ అసలు బరువు. చేతుల్లోంచి మోకు జారిందా, మోటారూ పైపులూ కలిసి పాతాళానికి పోతాయి. ఆ బోరు మీద ఇక ఆశ వదులుకోవలసిందే. ఓబుళప్ప నిద్రలో కూడా పిడికిళ్ళు బిగించుకుని పడుకునేవాడట, మోకు జారుతుందేమోనని.

అలాంటి మనిషికి బెంగుళూరులో పాత ఇనుము అమ్మే ఒక అంగడిలో వించి దొరికింది. ఏదో మిలిటరీ బండికి ఉండి ఊడొచ్చినది. లావుపాటి డ్రమ్ము, దానికి చుట్టిన ఇనుప తీగతాడు, బ్యాటరీతో తిరిగే మోటారు. మీట నొక్కితే పదిమంది పని ఒక్కటే చేస్తుంది. దాన్ని గోనెసంచిలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు బస్సులో పక్కనే పెట్టుకుని హిందూపురం తెచ్చాడు.

"ఓబుళప్పా, దీన్ని ఉత్త బంపరుకు తగిలిస్తే కాదప్పా," అన్నాడు ఏసుదాసు. "లాగేటప్పుడు బరువంతా దాని మీద పడ్తాది. ఊడొచ్చి నీ మొగానికే తగుల్తాది. చాసీని పట్టుకోనుండల్ల."

అందుకని మందపాటి ఇనుప దూలంతో కొత్త బంపరు కోశాడు. నడుమ వించి కూర్చునేందుకు పెట్టెలాగా అరుగు చేశాడు. చాసీ రెండు కొసలకూ రెండు దిమ్మెల్లాంటి ప్లేట్లు అమర్చాడు. అన్నీ కుదిరాక బోల్టులకు రంధ్రాలు వేయబోతే ఓబుళప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"బోల్టులెందుకప్పా? వెల్డింగు కొట్టు."

"బోల్టులైతే కావల్లంటే విప్పుకోవచ్చు, కావల్లంటే తగిలించుకోవచ్చు. వెల్డింగైతే కోసేదే గతి."

"విప్పేది యాటికి? నేను సచ్చేదాకా ఉండల్ల ఇది. బోల్టంటే బాడుగింటి మాదిరి ఉంటాది. నాకొద్దు."

ఏసుదాసు ఇంకోసారి చెప్పి చూసి, వినే ఘటం కాదని చేతులెత్తేశాడు. కళ్ళు మూసుకుని తన ప్రభువును తలుచుకుని కడ్డీ అంటించాడు. ఓబుళప్ప తన వంతుగా నిమ్మకాయలు కట్టాడు. ఇద్దరు దేవుళ్ళ పూచీ మీద ఆ బంపరు జీపుకు అతుక్కుపోయింది.

జాకీ దించగానే జీపు ముక్కు నేలకు వంగింది. అంత బరువును ముందు చక్రాల మీది స్ప్రింగు కమాన్లు మోయలేకపోయాయి. ఏసుదాసు మళ్ళీ జీపు కిందికి దూరి, కమాన్లలో రెండేసి పట్టాలు అదనంగా వేసి బిగించాడు. అప్పుడు గానీ బండి సమంగా నిలబడలేదు. ఈ పట్టాల మాట చదివేవాళ్ళు గుర్తు పెట్టుకోండి. ఓబుళప్ప మాత్రం ఆ సాయంత్రమే మరిచిపోయాడు. బంపరుకు నల్లరంగు కొట్టించి, దాని మీద ఎర్రటి అక్షరాలతో 'గంగమ్మ తల్లి' అని రాయించుకుని, ఊరంతా వినబడేలా హారన్ కొట్టుకుంటూ పోయాడు.

మొదటి పని చెల్లెలు యల్లక్క చేలోనే చేశాడు. ధర్మవరానికి ఇవతల ఒక పల్లెలో ఆమె మొగుడు రంగయ్య అప్పుడే కొత్త బోరు వేయించాడు. జీపు బోరుకు ఎదురుగా నిలబడి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టించుకుని, గురగురమంటూ తాడు వదులుతుంటే పల్లెంతా పని మానుకుని చూసింది. పైపు తరువాత పైపు మెత్తగా లోపలికి దిగిపోయింది. ఒక్కరి నుదుటన చెమట లేదు. స్విచ్చి వేశాక ముందు ఎర్రటి బురద, తరువాత తెల్లటి నీళ్ళు చెయ్యంత లావున దూకాయి. యల్లక్క బిందె నింపుకుని పరుగున వచ్చి ఆ నీళ్ళన్నీ బంపరు మీద కుమ్మరించింది.

"అన్నా, నీ జీపు చల్లగుండల్ల," అంది.

ఆమె అలా చేయడం చూసి మిగతావాళ్ళూ అందుకున్నారు. ఆ తరువాత ఓబుళప్ప ఏ ఊళ్ళో మోటారు దించినా మొదటి బిందె నీళ్ళు బంపరుకే పోసేవాళ్ళు. దానికి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. కొన్నాళ్ళకు అది తాతల నాటి ఆచారమన్నంత ధీమాగా జరిగిపోయేది.

ఆ రోజు యల్లక్క కూతురు రాధ, ఇంకా బడికి పోయే పిల్ల, తడిసిన బంపరెక్కి కూర్చుని దిగనంటే దిగనంది. "మామా, నా పెండ్లప్పుడు దీని మీదనే నన్ను ఊరంతా మెరవణి తీస్కపోవల్ల," అంది.

"నిన్ను గంపలో ఎత్తుకునేదీ నేనే, మెరవణి తిప్పేదీ నేనే," అన్నాడు ఓబుళప్ప. పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకొచ్చే హక్కు మేనమామది. పిల్లలు లేని ఓబుళప్పకు ఆ హక్కు మీద ఉన్నంత ఆశ ఈ లోకంలో మరి దేని మీదా లేదు.

నాలుగైదేళ్ళు అతని కాలు నేల మీద నిలవలేదు. బుక్కపట్నం, రామగిరి, నల్లచెరువు, ఎక్కడ బోరు పడినా జీపే. పొలిమేరలో హారన్ వినబడితే చాలు, ఆడవాళ్ళు బిందెలు తోముకుని సిద్ధంగా ఉండేవాళ్ళు. అతనికి మర్యాదలు చేసి చేసి పొట్ట కూడా కొంచెం పెంచారు.

తరువాత వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు కాదు, వరసగా. ముందు పైపులు చేర్చి మోటార్లను ఇంకా లోతుకు దించమన్నారు. దించాడు. తరువాత ఇంకా లోతుకు. ఆ తరువాత దించడానికి ఏమీ మిగలక, ఎండిన బోర్లలోంచి మోటార్లు పైకి తీసేయమన్నారు. పని తగ్గలేదు, అదే విడ్డూరం. జీపు మునుపటికంటే ఎక్కువే తిరిగింది. కానీ ఇప్పుడు హారన్ వినబడితే ఆడవాళ్ళు లోపలికి పోయి తలుపులు వేసుకునేవాళ్ళు. మోటారు పైకొచ్చే వేళకు ఆ ఇంటి మనిషి కూడా అక్కడ ఉండకుండా ఏదో మిషతో దూరంగా పోయేవాడు.

రామగిరి అవతల ఒక ఊళ్ళో అంకమ్మ అనే ముసలామె కర్ర అడ్డం పెట్టి జీపును ఆపింది. ఓబుళప్ప మోటారు తీయడానికి పోతున్న బోరు ఆమె పొలంలోది కూడా కాదు.

"ఊరి నడుమ పోవద్దు నాయనా, చుట్టు తిరిగి పో. నీ బండి వచ్చిన ఊర్లో నీళ్లుండవంటాండారు."

"అవ్వా, నీళ్లు పోయినాంకనే కదా నన్ను పిలిచేది!"

"ఏమో నాయనా. బండైతే వచ్చె, నీళ్లైతే పాయ."

ఓబుళప్ప చుట్టు తిరిగే పోయాడు. ఆ దారి పొడుగునా అతనికి ఏడుపొచ్చినంత పనైంది. నీళ్ళు పోయింది జీపు వల్లనా? ఆకాశం కరుణించక పోయాయి, పక్కవాడు వేశాడని పోటీపడి గట్టుకొకటి చొప్పున వేసిన బోర్ల వల్ల పోయాయి. ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. కానీ ఆకాశాన్ని తిడితే దులుపుకుని పోతుంది, పక్కవాణ్ణి తిడితే తిరిగి తిడతాడు. జీపును తిడితే ఏ బాధా లేదు. మనవాళ్ళు ఎప్పుడూ అంతే, తిరిగి మాట్లాడనిదాని మీదే నోరు చేసుకుంటారు.

రెండువేల మూడులో రాధకు బుక్కపట్నం సంబంధం కుదిరింది. పిలుపు చెప్పడానికి యల్లక్క తనే పెనుకొండ వచ్చింది. ఈశ్వరి ఇచ్చిన మజ్జిగ పుచ్చుకుని, తాగకుండా గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చుంది.

"అన్నా, ఊరంతటికీ మా బోరొక్కటే ఆడ్తాండాది. సన్నగా వస్తాండాయి నీళ్లు. పెండ్లి వంటకూ, వచ్చినోళ్లకూ అదే దిక్కు," అంది.

"మంచిదే కదమ్మా."

"మంచిదే. అందుకే..." ఆమె కళ్ళెత్తలేదు. "నువ్వు రావల్ల. నువ్వు రాకుంటే గంప ఎవరెత్తుతారు? బండి మాత్రం వద్దన్నా. మా ఆయన దండం పెట్టి చెప్పమన్న్యాడు."

ఓబుళప్ప గ్లాసు పట్టుకున్న ఆమె చేతిని చూశాడు. మొదటి బిందె పోసిన చెయ్యి అది. కోపం రాలేదు, వచ్చి ఉంటేనే బాగుండేది. "రాధకు మాటిచ్చింటి కదమ్మా, మెరవణి తిప్పుతానని," అన్నాడు. "వించి తీయించేస్తా. బంపరూ తీయించేస్తా. అప్పుడది ఉత్త జీపే కదా. ఉత్త జీపుకు ఎవరేమంటారు?"

యల్లక్క తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "అట్లయితే సరేన్నా," అని మజ్జిగ తాగింది.

పెళ్ళికి ముందురోజు ఓబుళప్ప హిందూపురం పోయాడు. ఏసుదాసు బంపరు చుట్టూ తిరిగి, ఎర్ర అక్షరాల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఆ పొద్దు బోల్టులు వద్దంటివి."

"అంటి. కోసెయ్."

"కోస్తే మళ్ళీ తగిలించేది ఒక పూట పని కాదప్పా. ప్లేట్లు కొత్తవి చెయ్యల్ల, చాసీ కొసలు సాపు చెయ్యల్ల. బాగా ఆలోచన చేస్కో."

"కోసెయ్యప్పా. మళ్లా తగిలించేది లేదు."

గ్యాసు మంట ముందు ఇనుము ఎర్రబడి, కరిగి, చుక్కలు చుక్కలుగా కారింది. రెండో వైపు కూడా తెగాక బంపరు ధడాలున నేల మీద పడింది. ఆ బరువు పోగానే జీపు ముక్కు జానెడు పైకి లేచి అలాగే ఉండిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట దూర్చిన పట్టాలు కదా, మోయడానికి ఏమీ లేకపోయినా అవి వంగలేదు.

"పట్టాలు గూడా తీయల్ల. రేపు మధ్యాన్నం దాకా ఉండు," అన్నాడు ఏసుదాసు.

"రేపు మధ్యాన్నానికి పెండ్లోళ్లు వచ్చేస్తారప్పా. పెండ్లయినాంక వస్తాలే."

దారిపొడుగునా జీపు తేలిగ్గా ఎగిరెగిరి పడింది. ఇన్నేళ్ళు తోలిన బండే పరాయిదానిలా అనిపించింది. ఆ రాత్రికి పెనుకొండలో ఆగి, తెల్లవారుజామున ఈశ్వరిని ఎక్కించుకుంటే, ఆమె బంపరు పోయిన ఖాళీ చోటును చూసింది. దారిలో ఒకసారి అతని మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది.

పొద్దున్నే పల్లెలోకి మలుపు తిరిగారో లేదో, రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళలో ఒకడు లేచి నిలబడ్డాడు.

"బోర్ల జీపే రా అది! ముందర కోసేసినాడు గానీ, ముక్కు సూడు యెట్ల ఎత్తిండాదో!"

ముందు అంత బరువు మోసి, అది పోయాక ఇలా ముక్కెత్తే జీపు జిల్లా అంతటా ఇంకోటి లేదు. దాచాలనుకున్నదే అందరికీ వేలుపెట్టి చూపించినట్టయింది. రంగయ్య పందిట్లోంచి చూసి మొహం తిప్పుకున్నాడు. పసుపు మొహంతో రాధ బయటికి వచ్చి, "మామా, బంపరు యాడ? నేను కూర్చునేది యాడ?" అని నవ్వబోయి, అతని మొహం చూసి మానుకుంది.

కాసేపటికి కరెంటు వచ్చింది. రంగయ్య బోరు స్విచ్చి వేశాడు. నీళ్ళు వచ్చాయి. తొట్టి సగం కాకముందే పైపు దగ్గింది, గాలి కక్కింది, మళ్ళీ నాలుగు గుక్కలు పోసి ఒట్టి గాలి ఊదసాగింది. వంటవాళ్ళు గంటెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. అక్కడున్న ప్రతి ఒక్కరూ ఒకసారి పైపునూ, ఒకసారి జీపునూ చూశారు.

ఓబుళప్ప పైపుకు చెవి ఆనించి విన్నాడు. "నీళ్లు ఉండాయి. మోటరు కన్నా కిందికి దిగినాయి అంతే. రెండు పైపులు చేర్చి దించితే వస్తాయి," అన్నాడు. రెండు పైపులూ రంగయ్య కొట్టంలోనే ఉన్నాయి. వించి ఉంటే కాఫీ తాగినంతసేపటి పని. వించి హిందూపురంలో నేల మీద పడి ఉంది.

"ఈపొద్దుకు ట్యాంకరు తెప్పించు రంగయ్యా. పెండ్లయినాంక నేను చూస్తా. ఉత్త చేతులతో చేసే పని కాదిది."

"ఎత్తేదానికైతే ఊరూరూ తిరుగుతావు. దించేదానికి రాదా?" అన్నాడు రంగయ్య.

ఆ మాట అందరి ముందూ అన్నాడు. ఓబుళప్ప చెల్లెలి వైపు చూశాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు. "ఎట్లన్నా చెయ్యన్నా," అంది. తెలిసినవాడు చేయకూడని పని అని తెలిసే ఓబుళప్ప చొక్కా విప్పాడు. వద్దంటే చెల్లెలి ముందు కూడా జీపుదే తప్పని ఒప్పుకున్నట్టవుతుందని అతని బాధ.

మూడు కాళ్ళ స్టాండు దొరికింది, పాత మోకు దొరికింది. పెళ్ళికొచ్చినవాళ్ళు కొత్త పంచెలు ఎగగట్టి మోకు పట్టుకున్నారు. మొదటి పైపు చేరింది, మెల్లగా దిగింది. ఎవరో ఈల కూడా వేశారు. రెండోది బిగించి, పైపును పట్టి ఉంచిన క్లాంపు వదిలించి దించుతుండగా, నీళ్ళు పారిన చోట నేల మెత్తబడి స్టాండు కాలొకటి కుంగింది. స్టాండు పక్కకు ఒరిగింది. మీద పడుతుందని వెనక ఉన్నవాళ్ళు మోకు వదిలేశారు. వాళ్ళను తప్పుపట్టలేం, అది వాళ్ళ పని కాదు. ఓబుళప్ప ఒక్కడే వదల్లేదు. మోకు అతని అరచేతుల్లోంచి తోలును లాక్కుంటూ బుసబుసమని పోయింది. మోటారు, పైపులు, అన్నీ కలిసి గణగణమంటూ లోతుకు పోయాయి. ఆ చప్పుడు చాలాసేపు వినిపించి ఆగిపోయింది.

ఎనిమిదేళ్ళలో ఓబుళప్ప చేతుల్లో చచ్చిన బోరు అదొక్కటే. ఇకమీదట ఎవరు ఏమన్నా కాదనడానికి అతనికి నోరు లేదు.

మధ్యాహ్నానికి ట్యాంకరు వచ్చింది. పెళ్ళివాళ్ళూ వచ్చారు. గంప ఎత్తే వేళ రంగయ్య దగ్గరికొచ్చి, మర్యాదగానే, "నీ చేతులు బాగలేవు కదా, చంద్రశేఖర్ ఎత్తుకుంటాడులే. ఆయనా మేనమామ వరసే," అన్నాడు. చంద్రశేఖర్ యల్లక్క పెద్దమ్మ కొడుకు. ఓబుళప్ప తల ఊపాడు. నిజంగా చేతుల కోసమే అయితే గంపకు చెయ్యి తాకించి పొమ్మనేవాళ్ళు. ఆ మాట ఎవరూ అనలేదు. అతను పందిట్లోంచి బయటికొచ్చి జీపు చాటున కూలబడ్డాడు. మేళం చప్పుడును బట్టి రాధ గంపలో ఎక్కడిదాకా వచ్చిందో అతనికి తెలుస్తూనే ఉంది. సాయంత్రం మెరవణికి పెళ్ళికొడుకు వాళ్ళు తెచ్చిన కారు కదిలింది. రాధ కిటికీలోంచి తల తిప్పి, జీపు కనుమరుగయ్యేదాకా చూస్తూ పోయింది.

పందిరి పలచబడ్డాక యల్లక్క చెంబు పట్టుకుని వచ్చింది. పొద్దున్నుంచీ అతను ఏమీ తినలేదని ఈశ్వరి చెప్పిందట. అన్న ముందు నేల మీద కూర్చుంది.

"బండి వద్దన్నింది నేనే అన్నా. వించి ఉండింటే రెండు పైపులు దించేస్తావుంటివి," అంది.

"ఊరుకోమ్మా. బోల్టులు వద్దన్నింది నేను."

ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. "చేతులు పట్టు," అంది.

చేతులకు చుట్టిన గుడ్డ విప్పి పట్టాడు. నీళ్ళు పడగానే పచ్చి అరచేతులు భగ్గుమన్నాయి. అయినా అతను చేతులు వెనక్కి తీసుకున్నది మంటకు కాదు.

"చాల్లేమ్మా, పోయొద్దు. ఇంగ నీళ్లు యాడుండాయి మీకు?"

"ఆ పొద్దు నీ బంపరుకు బిందెడు పోస్తి కదన్నా," అంది యల్లక్క. అతని మణికట్లు గట్టిగా పట్టుకుని, చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది.